పడవకి రెండో షోర్ పవర్ కనెక్షన్: ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుంది

పడవని గట్టున కట్టి, గట్టు మీది సాకెట్ నుంచి కేబుల్‌తో కరెంటు (దీన్నే షోర్ పవర్ అంటారు) తీసుకుంటున్నారు. ఏసీ నడుస్తుండగా ఎవరో గీజర్ ఆన్ చేస్తారు, మెయిన్ బ్రేకర్ టక్కున పడిపోతుంది, పడవంతా చీకటి. వారంలో నాలుగుసార్లు ఇదే జరిగితే ఎవరికైనా ఒకటే ఆలోచన వస్తుంది: ఇంకో ఇన్‌లెట్ (గట్టు కేబుల్ని పడవకి తగిలించే చోటు) బిగించి ఇంకో కేబుల్ లాగేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని. వదిలిపోవచ్చు. కానీ ఆ రెండో కేబుల్ని లోపల ఎక్కడ, ఎలా కలిపారన్న దాన్ని బట్టి అది ఏళ్ల తరబడి హాయిగా నడుస్తుంది, లేదా పక్కన నీళ్లలోకి దిగినవాడి ప్రాణం మీదకి తెస్తుంది.

ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పుకోండి. రెండో కనెక్షన్ ఎందుకు? కరెంటు చాలకనా? పడవని ఒకసారి ముందు భాగం గట్టు వైపు, ఇంకోసారి వెనక భాగం గట్టు వైపు కడుతుంటే కేబుల్ అందకనా? లేక గట్టు మీద ఉన్న సాకెట్‌కీ మీ ఇన్‌లెట్‌కీ పొంతన కుదరకనా? మూడింటినీ జనం "రెండో షోర్ పవర్" అనే అంటారు, కానీ మూడింటికీ వైరింగ్ వేరు. ఒకదానికి వాడాల్సిన పద్ధతి ఇంకోదానికి వాడితే డబ్బు దండగ, ఒక్కోసారి ప్రమాదం కూడా.

కరెంటు చాలడం లేదన్నవాళ్లు ముందు లెక్క వేయాలి. 120 వోల్టుల 30 యాంపుల కనెక్షన్ అంటే కాగితం మీద 3600 వాట్లు. గంటల తరబడి ఆగకుండా నడిచే లోడ్‌కి అందులో 80 శాతమే లెక్కలోకి తీసుకోవాలి, అంటే 24 యాంపులు. 230 వోల్టులున్న చోట 16 యాంపుల నీలం ప్లగ్గు 3680 వాట్లు ఇస్తుంది, 32 యాంపులదైతే 7360. ఇప్పుడు మీ సామాను రాయండి. 1500 వాట్ల గీజర్ 120 వోల్టుల మీద 12.5 యాంపులు తింటుంది, ఓ మోస్తరు ఏసీ ఇంకో 12, బ్యాటరీ ఛార్జర్ గట్టిగా పనిచేస్తుంటే ఓ 7. మొత్తం 31.5. 30 యాంపుల బ్రేకర్ కాస్త ఆలస్యంగానైనా పడొచ్చు. పైగా కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో మామూలు కరెంటుకి కొన్ని రెట్లు లాగుతుంది.

ఈ మూడూ ఒకేసారి నడిచి తీరాలా? గీజర్ గంటసేపు నడిస్తే చాలు. ఛార్జర్ రాత్రంతా మెల్లగా ఛార్జ్ చేసినా నష్టం లేదు. ఏసీకి సాఫ్ట్ స్టార్టర్ పెడితే ఆ స్టార్టింగ్ కుదుపు బాగా తగ్గుతుంది. గట్టు నుంచి ఇన్ని యాంపులకి మించి లాగొద్దు అని సెట్ చేసుకునే ఇన్వర్టర్ ఛార్జర్లు ఉన్నాయి, విక్ట్రాన్ మల్టీప్లస్ లాంటివి. లోడ్ పెరిగితే ముందు ఛార్జింగ్ తగ్గిస్తాయి, అదీ చాలకపోతే బ్యాటరీ నుంచి కాసేపు కరెంటు కలుపుతాయి. బ్యాటరీ బ్యాంకు మంచిది ఉంటే నా ఓటు ముందు దీనికే. ఇందులో ఇన్‌లెట్ కోసం పడవ గోడకి కొత్త బెజ్జం అక్కర్లేదు, రెండో కేబుల్ మోయక్కర్లేదు, గట్టు మీద రెండో సాకెట్ ఖాళీగా ఉందా అని వెతుక్కోనక్కర్లేదు. రెండో కనెక్షన్ కావాలని వచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోవచ్చు.

రెండు ఏసీలు, వేడి వాతావరణం, రోజంతా లోపలే ఉండటం, ఇలాంటి సందర్భంలో బ్యాటరీ ఎంతసేపని ఆదుకుంటుంది? అప్పుడు నిజంగానే రెండో సరఫరా కావాలి.

రెండు ఇన్‌లెట్లు, రెండు విడి ప్యానెళ్లు

కరెంటు చాలని పడవకి నేను చెప్పేది ఇదే. మొదటి ఇన్‌లెట్ ఇప్పుడున్న ప్యానెల్‌కే వెళ్తుంది. రెండోది కొత్త ప్యానెల్‌కి, దాని మీద ఏసీలు మాత్రమే, లేదా ఏసీ ఒకటీ గీజర్ ఒకటీ. ఫేజ్ వేరు, న్యూట్రల్ వేరు, మెయిన్ బ్రేకర్ వేరు. రెండూ కలిసేది ఒక్క ఎర్త్ దగ్గరే.

దీనిలో గొప్పతనం ఏమిటంటే గట్టు మీద రెండు సాకెట్లు ఒకే ఫేజ్ నుంచి వస్తున్నాయా, వేర్వేరు ఫేజ్‌లా అన్న టెన్షన్ అసలు ఉండదు, దేని దారి దానిదే. ఒక కేబుల్ పాడైతే సగం పడవకి కరెంటు ఉంటుంది. ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. షోర్ పవర్ మంటలు ఎక్కువగా మొదలయ్యేది వైరులో కాదు, ఇన్‌లెట్ పిన్నుల దగ్గర. ఉప్పుగాలికి తుప్పు పట్టి, కేబుల్ ఊగి ఊగి వదులై, అక్కడ రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఒక పిన్ను దగ్గర 0.1 ఓమ్ రెసిస్టెన్స్ చేరిందనుకోండి, అందులోంచి 24 యాంపులు పోతే 57.6 వాట్ల వేడి, అంటే ఓ సోల్డరింగ్ ఐరన్‌ని ప్లాస్టిక్ డబ్బాలో ఆన్ చేసి పెట్టినట్టే. అదే లోడ్‌ని రెండు ఇన్‌లెట్లకి 12 యాంపుల చొప్పున పంచితే ఒక్కోచోట 14.4 వాట్లు. కరెంటు సగమైతే వేడి నాలుగో వంతుకి పడిపోతుంది. అలాగని తుప్పు పిన్నులు ఉంచుకోమని కాదు. రెండో ఇన్‌లెట్ పెట్టే రోజునే పాతదాన్ని కూడా విప్పి చూడండి, వెనకాల వైరు ఇన్సులేషన్ గోధుమరంగుకి తిరిగి ఉంటే మొత్తం మార్చేయండి.

ఇబ్బంది ఎక్కడంటే గట్టు మీద ఒకే సాకెట్ దొరికిన రోజు ఏసీ వైపు చచ్చి పడుంటుంది. దానికోసం రెండో ప్యానెల్ ముందు ఛేంజోవర్ స్విచ్ పెట్టుకోవచ్చు: రెండో ఇన్‌లెట్ నుంచి తీసుకో, లేదా మొదటి దాన్నుంచి తీసుకో. జనరేటర్ ఉంటే ఆ స్విచ్‌లోనే మూడో స్థానం. మొదటి ఇన్‌లెట్ నుంచి రెండు ప్యానెళ్లూ నడుపుతున్నప్పుడు మాత్రం మళ్లీ పాత 24 యాంపుల లెక్కే, కొత్తగా ఏమీ పెరగలేదు. చాలామంది ఇది మర్చిపోయి బ్రేకర్‌ని తిడతారు.

రెండు ఇన్‌లెట్లు, ఒకే ప్యానెల్, మధ్యలో ఛేంజోవర్

కేబుల్ అందని సమస్యకి ఇది సరిపోతుంది. ముందు ఒక ఇన్‌లెట్, వెనక ఒకటి, ఏదో ఒకటి మాత్రమే ఒకసారికి. కరెంటు పెరగదు, సౌకర్యం పెరుగుతుంది. కరెంటు చాలక దీన్ని పెట్టించుకున్నవాళ్లు తర్వాత నిరాశపడటం చూశాను.

ఇక్కడ స్విచ్ ఎంపిక ముఖ్యం. ఒక సరఫరాని పూర్తిగా వదిలిన తర్వాతే రెండోదాన్ని పట్టుకునే రకం కావాలి, మధ్యలో ఆఫ్ స్థానం ఉంటే ఇంకా మంచిది. ఫేజ్‌తో పాటు న్యూట్రల్‌ని కూడా తెంచాలి. రోటరీ స్విచ్ ఒక దారి. రెండు డబుల్ పోల్ బ్రేకర్ల (ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ కలిపి తెంచేవి) మధ్య జరిగే లోహపు పలక ఇంకో దారి, ఒకటి ఆన్‌లో ఉంటే రెండోదాన్ని ఆ పలక పైకి లేవనివ్వదు. చవక, మొండిది, పాడవడానికి అందులో ఏమీ లేదు. ఆటోమేటిక్ రిలే రకాలు కూడా దొరుకుతాయి. సౌకర్యమే, కానీ రిలే కాంటాక్టులు అతుక్కుపోతే ఏం జరుగుతుందో తయారీదారు కాగితాల్లో చదివాకే కొనండి.

"నేనే జాగ్రత్తగా ఉంటాను, రెండు కేబుళ్లూ ఒకేసారి పెట్టను, ఇక స్విచ్ ఎందుకు" అనే మాట వినిపిస్తుంది. దానికి నా జవాబు ఒకటే. స్విచ్ లేకుండా రెండు ఇన్‌లెట్లూ ఒకే బస్ బార్‌కి (ప్యానెల్లో వైర్లు బిగించే లోహపు పట్టీ) కలిపి ఉంటే, వెనక కేబుల్ పెట్టిన వెంటనే ముందున్న ఖాళీ ఇన్‌లెట్‌లో మగ పిన్నుల మీద నిండు కరెంటు ఉంటుంది. మూత తీసి ఎవరు వేలు పెడతారో మీకు తెలియదు. మీరు జాగ్రత్తపరులే, పడవ అరువు తీసుకెళ్లిన మీ బావమరిదో?

రెండు కేబుళ్లూ ఒకే బస్ బార్‌కి కలిపి, రెండింటి నుంచీ ఒకేసారి లాగడం గురించి వేరే చెప్పక్కర్లేదు. అది ఎంపికల జాబితాలో లేదు. వేర్వేరు ఫేజ్‌లైతే నేరుగా షార్ట్, ఒకే ఫేజ్ అయితే కరెంటు తనకి ఇష్టమొచ్చినట్టు రెండు దారుల్లో పంచుకుంటుంది.

ఒకే ఇన్‌లెట్, కానీ పెద్దది

30 యాంపులు తీసేసి 125/250 వోల్టుల 50 యాంపులది పెట్టడం, లేదా 230 వైపు 16 బదులు 32. 50 యాంపుల ఆ రకంలో 120 వోల్టుల ఫేజ్ వైర్లు రెండు ఉంటాయి కాబట్టి మొత్తం 12,000 వాట్లు వస్తాయి, అంటే 30 యాంపులవి రెండు కలిపినదానికన్నా (7200) చాలా ఎక్కువ. కేబుల్ ఒకటే, ఇన్‌లెట్ ఒకటే, అయోమయం తక్కువ. కొత్తగా వైరింగ్ మొత్తం మార్చుకునే పెద్ద పడవ అయితే నేను ఇటే మొగ్గుతాను. కాకపోతే ఆ కేబుల్ బరువు చూశారా? తడిసి, చలికి బిగుసుకుపోయినప్పుడు దాన్ని చుట్టడం ఒక్కడి పని కాదు. పైగా మీరు వెళ్లే చోట్లలో 50 యాంపుల సాకెట్ లేకపోతే మళ్లీ అడాప్టర్ల దగ్గరికే రావాలి.

ఇక సాకెట్‌కీ ఇన్‌లెట్‌కీ పొంతన కుదరనివాళ్లకి అడాప్టర్ల సంగతి. వై ఆకారంలో ఉండేవి రెండు రకాలు, రెండింటినీ ఒకటే అనుకోవద్దు. మొదటిది గట్టు మీది 50 యాంపుల సాకెట్‌ని చీల్చి రెండు 30 యాంపుల కేబుళ్లకి ఇస్తుంది. రెండు ఇన్‌లెట్ల పడవకి ఇది పనికొస్తుంది, చాలామంది వాడతారు. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే అప్పుడు మీ 30 యాంపుల కేబుల్ వెనక గట్టు మీద ఉన్నది 50 యాంపుల బ్రేకర్. పడవలోని మెయిన్ బ్రేకర్ ఓవర్‌లోడ్‌ని ఆపుతుంది, కానీ కేబుల్ మధ్యలో ఏదైనా తేడా వస్తే 50 యాంపులది పడేదాకా ఆగాల్సిందే. అందుకని పాత, అతుకులేసిన కేబుళ్లతో దీన్ని వాడొద్దు.

రెండోది తిరగేసిన వై: గట్టు మీది రెండు 30 యాంపుల సాకెట్లని కలిపి పడవకి 50గా ఇవ్వడం. రెండు సాకెట్లూ వేర్వేరు ఫేజ్‌ల మీద ఉంటేనే ఇది 240 వోల్టులు ఇస్తుంది, లోపలి రిలేలు అది చూసుకుని గానీ కలవవు. అసలు చిక్కు న్యూట్రల్ దగ్గర. రెండు న్యూట్రళ్లు అందులో కలిసిపోతాయి కాబట్టి ఒక సాకెట్ నుంచి వెళ్లిన కరెంటు రెండో సాకెట్ గుండా కూడా వెనక్కి వస్తుంది. గట్టు మీద లీకేజీ రక్షణ ఉన్న బ్రేకర్లుంటే (వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానం కాకపోతే తెంచేవి) రెండూ పడిపోతాయి. కొత్తగా కట్టిన గట్లలో అలాంటి బ్రేకర్లు మామూలైపోయాయి కాబట్టి ఇప్పుడు ఈ అడాప్టర్ మీద డబ్బు పెట్టమని నేను చెప్పను.

న్యూట్రల్, ఎర్త్: పని చెడేది ఇక్కడే

ఒక పడవ గురించి చెప్పాలి. రెండు ఇన్‌లెట్లు, రెండు ప్యానెళ్లు, చూడ్డానికి శుభ్రంగా ఉంది. 50 యాంపుల సాకెట్ నుంచి వై వేసుకుని రెండేళ్లు నడిపారు, ఒక్కసారీ ట్రిప్ కాలేదు. వేరే చోటికి వెళ్లి రెండు విడి సాకెట్లకి రెండు కేబుళ్లు పెట్టగానే గట్టు బ్రేకర్లు రెండూ పడిపోయాయి. "అక్కడి బ్రేకర్లు చెత్తవి" అని గొడవ. తీరా ప్యానెళ్ల వెనక చూస్తే, స్థలం చాలక రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లూ ఒకే బస్ బార్ మీద బిగించి ఉన్నాయి. వై వాడినప్పుడు వెళ్లిన కరెంటూ వచ్చిన కరెంటూ ఒకే గట్టు బ్రేకర్ గుండా పోతాయి కాబట్టి తప్పు కనబడలేదు, విడి సాకెట్లకి పెట్టగానే బయటపడింది. పడవలో విడివిడిగా లీకేజీ బ్రేకర్లు ఉండుంటే మొదటి రోజే పట్టుకునేవి.

ట్రిప్ కావడం నిజానికి అదృష్టం. గట్టు మీద లీకేజీ రక్షణ లేని పాత సాకెట్లై, రెండూ ఒకే ఫేజ్ అయి ఉంటే, రెండు వైపుల కరెంటూ కలిసి వెనక్కి వచ్చేటప్పుడు ఒక న్యూట్రల్ పిన్ను వదులైందంటే దాదాపు మొత్తం, 60 యాంపుల దాకా, రెండో న్యూట్రల్ మీద పడుతుంది. ఫేజ్ వైరుకే బ్రేకర్ ఉన్న సింగిల్ పోల్ వైరింగ్‌లో దాన్ని ఆపేది ఏదీ లేదు. అందుకే మెయిన్ బ్రేకర్లు డబుల్ పోల్‌వే ఉండాలి. ఇన్వర్టర్ ఉంటే దాని అవుట్‌పుట్ న్యూట్రల్‌కి కూడా విడి బస్ బార్ కావాలి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఇన్వర్టర్ తన న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలుపుకుంటుంది, గట్టు కరెంటు రాగానే విడదీస్తుంది. షోర్ పవర్ న్యూట్రల్‌ని మాత్రం పడవలో ఎక్కడా ఎర్త్‌కి కలపకూడదు, ఆ కలయిక గట్టు వైపే ఉంటుంది. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (గట్టు వైరింగ్‌కీ పడవ వైరింగ్‌కీ నేరుగా తీగ సంబంధం లేకుండా చేసేది) పెట్టినప్పుడు దాని సెకండరీ, అంటే పడవ వైపు చుట్ట, దగ్గర కలపడం వేరే సంగతి.

లీకేజీ బ్రేకర్‌ని అమెరికా వైపు ఈఎల్‌సీఐ అంటారు, ఇతర చోట్ల ఆర్‌సీడీ. రెండు ఇన్‌లెట్లకీ ఒక్కొక్కటి. అమెరికా పడవల ప్రమాణాల సంస్థ ఏబీవైసీ ఇచ్చిన ఈ-11 ప్రమాణం ప్రకారం 30 మిల్లీయాంపులకి, 100 మిల్లీసెకన్ల లోపు తెంచాలి, వైరు పొడవునా కొలిచినప్పుడు ఇన్‌లెట్ నుంచి 3 మీటర్ల లోపే ఉండాలి. పడవ ముందు భాగంలో ఇన్‌లెట్, వెనక ప్యానెల్ అంటే మధ్యలో పది మీటర్ల వైరు రక్షణ లేకుండా పోతుందన్నమాట, కాబట్టి ఇన్‌లెట్ పక్కనే చిన్న డబ్బాలో బ్రేకర్ పెట్టాల్సిందే. యూరప్ పడవలకి ఐఎస్ఓ 13297 చూసుకోండి.

దీన్ని ఖర్చు తగ్గించుకునే చోటుగా చూడొద్దు. మంచినీళ్లలో లీకైన కరెంటు వ్యాపిస్తే, నీళ్లకన్నా మనిషి శరీరమే మంచి వాహకం కాబట్టి అది శరీరం గుండా పోతుంది. 10 మిల్లీయాంపులు దాటితే కండరాలు మాట వినడం మానేస్తాయి, ఈత వచ్చినవాడైనా మునిగిపోతాడు.

పచ్చ వైరు, అంటే ఎర్త్, ఏ స్విచ్ గుండానూ పోకూడదు, ఎప్పుడూ తెగకూడదు. అయితే అదే వైరు గుండా మీ పడవ పక్క పడవలతో బ్యాటరీలాగా కలిసి జింక్ ఆనోడ్లని (తాము తరిగిపోతూ పడవ లోహాన్ని తుప్పు నుంచి కాపాడే దిమ్మలు) తినేస్తుంది. దాన్ని ఆపడానికే గాల్వానిక్ ఐసోలేటర్, చిన్న డీసీ వోల్టేజీని (సుమారు 1.2 వోల్టుల దాకా) అడ్డుకుని, అసలైన ఫాల్ట్ కరెంటుని మాత్రం పోనిస్తుంది. మొదటి ఇన్‌లెట్‌కి ఐసోలేటర్ పెట్టి రెండోదాని ఎర్త్‌ని నేరుగా బస్ బార్‌కి కలిపితే మొదటిది ఉన్నా లేనట్టే, కరెంటు రెండో దారిలో పోతుంది. కాబట్టి రెండింటికీ రెండు, లోపల పాడైనా ఎర్త్ దారి తెగకుండా నిలిచే ఫెయిల్‌సేఫ్ రకమే కొనండి. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా మంచిదే, కానీ ఒక్కోటి పదుల కిలోల బరువు, రెండు ఇన్‌లెట్లకి రెండు కావాలి, వాటి వేడి బయటికి పోవాలి. స్టీలు, అల్యూమినియం పడవలకి పెట్టమంటాను. ఫైబర్ పడవకి ఐసోలేటర్లతో సరిపెట్టుకోవచ్చు.

వైరు గురించి పొట్టిగా: ఇళ్లలో వాడే ఒంటి తీగ వైరు వద్దు, తగరం పూత ఉన్న సన్నతీగల మెరైన్ కేబులే. 30 యాంపులకి 10 గేజ్ (అమెరికా ఏడబ్ల్యూజీ కొలత), 50కి 6 గేజ్, దూరం ఎక్కువైతే ఇంకాస్త లావుది. చివర్లకి క్రింప్ లగ్గులు. పెట్రోల్ ఇంజిన్ గదిలో గానీ, ట్యాంకు వెంట్ దగ్గర గానీ ఇన్‌లెట్, బ్రేకర్ పెట్టకండి.

కరెంటు ఇవ్వకముందే చేయాల్సిన పరీక్ష

రెండు కేబుళ్లూ పీకేసి, ఇన్వర్టర్, జనరేటర్ ఆఫ్ చేసి, ప్యానెళ్లలో బ్రేకర్లన్నీ ఆన్ చేసి, మీటర్ తీసుకోండి. మొదటి ఇన్‌లెట్ న్యూట్రల్ నుంచి రెండో ఇన్‌లెట్ న్యూట్రల్‌కి దారి ఉండకూడదు. ఫేజ్ నుంచి ఫేజ్‌కీ అంతే. ఏ న్యూట్రల్ నుంచీ ఎర్త్‌కి దారి ఉండకూడదు. ఛేంజోవర్ ఉంటే దాని ప్రతి స్థానంలోనూ ఈ మొత్తం మళ్లీ చేయాలి, విసుగ్గానే ఉంటుంది, చేయండి. ఎర్త్ నుంచి ఎర్త్‌కి కొలిచినప్పుడు ఐసోలేటర్లలోని డయోడ్ల వల్ల మీటర్ వింత రీడింగ్ చూపిస్తుంది, కంగారు పడొద్దు, ప్రతి ఐసోలేటర్‌కీ ఇవతలా అవతలా విడిగా చూసుకోండి.

తర్వాత ఒక్క కేబుల్ మాత్రమే పెట్టి, రివర్స్ పోలారిటీ దీపం (ఫేజ్, న్యూట్రల్ తారుమారైతే వెలిగేది) వెలగలేదని చూసి, ఖాళీగా ఉన్న రెండో ఇన్‌లెట్ పిన్నుల మీద వోల్టేజీ కొలవండి. సున్నా రావాలి. ఆ తర్వాత రెండోదాన్ని పెట్టి మొదటిదాన్ని ఇలాగే. రెండు ప్యానెళ్ల ఏర్పాటైతే చివరగా రెండూ పెట్టి, లోడ్ ఆన్ చేసి, మిల్లీయాంపులు చదవగల క్లాంప్ మీటర్‌ని కేబుల్ మొత్తం చుట్టూ వేయండి, ఒక వైరు చుట్టూ కాదు. వెళ్లిందీ వచ్చిందీ కొట్టేసుకుని సున్నాకి దగ్గరగా చూపించాలి. ఒక కేబుల్ మీద 3 యాంపులు, రెండోదాని మీద కూడా సరిగ్గా 3 యాంపులు కనిపిస్తే న్యూట్రళ్లు ఎక్కడో కలిశాయి. ఒకే కేబుల్ మీద మిల్లీయాంపుల్లో కనిపిస్తే చాలా వరకు గీజర్ ఎలిమెంటో ఛార్జరో లీకవుతోంది, ఒక్కో బ్రేకర్ ఆపుతూ పోతే దొరుకుతుంది.

ఇందులో సగం మాటలు కొత్తగా అనిపిస్తే వైర్లు మీరు లాగండి, కలపడం మాత్రం పడవల పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. ఇళ్ల వైరింగ్ చేసేవాళ్లకి న్యూట్రల్‌ని ప్యానెల్లో ఎర్త్‌కి కలిపే అలవాటు ఉండొచ్చు, వాళ్ల పనిలో అది తప్పు కాకపోవచ్చు, పడవలో మాత్రం ప్రమాదం.

వాడేటప్పుడు గట్టు బ్రేకర్ ఆఫ్ చేసి, ముందు పడవ వైపు, తర్వాత గట్టు వైపు ప్లగ్గు పెట్టాలి, తీసేటప్పుడు గట్టు వైపు ముందు. రెండు కేబుళ్లకీ రెండు రంగుల టేపు చుట్టండి, చీకట్లో ఏది దేనిదో తెలుస్తుంది. మిగిలిన కేబుల్ని చుట్టగా వదిలేయకండి, చుట్టలో వేడి పేరుకుంటుంది. మొదటి వారం ఏసీలు గంటసేపు నడిచాక రెండు ప్లగ్గుల మీదా చేయి వేసి చూడండి. ఒకటి గోరువెచ్చగా, రెండోది చల్లగా ఉంటే, రెండింటి మీదా లోడ్ దాదాపు సమానమే అయితే, ఆ గోరువెచ్చని ప్లగ్గుని విప్పండి. లోపల ఏదో ఒక స్క్రూ వదులుగా ఉంటుంది.